గేరు పడని పాత లారీ: గేర్‌బాక్స్ దించే ముందు

పాత లారీకి గేరు సరిగా పడకపోతే ఓనరుకు ముందు పట్టుకునే భయం గేర్‌బాక్స్ దించాల్సి వస్తుందేమోనని. దించితే బండి షెడ్డులోనే ఉండిపోతుంది. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తరలే రోజుల్లో, ఒక్క బండి మీదే బతికే కుటుంబానికి అది పెద్ద దెబ్బ. కానీ గేరు పడకపోవడానికి కారణం చాలాసార్లు గేర్‌బాక్సులో ఉండదు. క్లచ్‌లోనో, దాని ఆయిల్ లైనులోనో, గేరు రాడ్డు బుష్షుల్లోనో ఉంటుంది. ఏది ముందు చూడాలో తెలిస్తే సగం ఖర్చు అక్కడే ఆగుతుంది.

మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. చదునైన చోట హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, ఇంజను ఆపేయండి. క్లచ్ తొక్కి ఒక్కో గేరూ వేసి చూడండి. పళ్లకు పళ్లు అడ్డొచ్చి ఎక్కడైనా ఒక గేరు ఆగితే కంగారు పడనక్కర్లేదు. ఇలా అన్నీ పడుతూ, ఇంజను నడిచేటప్పుడు మాత్రం మొరాయిస్తుంటే ముందు అనుమానించాల్సింది క్లచ్‌ని: తొక్కినా అది పూర్తిగా విడవడం లేదు. ఇంజను ఆపినా లివరు బిగుసుకునే ఉంటే రాడ్డు, జాయింట్లు, బుష్షులు చూడాలి. బుష్షులు అరిగిన బండిలో పైన లివరు పూర్తిగా కదిలినా, లోపల గేరును జరిపే ఫోర్కు అంత దూరం జరగదు.

క్లచ్ మీద అనుమానం తీరాలంటే రివర్స్ గేరు వేసి చూడాలి. పాత బండ్లలో సాధారణంగా దానికి సింక్రో (పళ్లు కలిసేముందు వేగాలు సమం చేసే రింగు) ఉండదు, కాబట్టి లోపం దాగదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. ఆపాటికి లోపలి షాఫ్టు నిలిచిపోవాలి. అయినా కర్రుమంటే క్లచ్ విడవడం లేదన్నమాటే. అప్పుడు క్లచ్ ఆయిలు డబ్బాలో మట్టం, సిలిండర్ల దగ్గర తడి చూడండి. లైనులో గాలి చేరితే పెడల్ మెత్తగా దిగిపోతుంది, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గేరు పడుతుంది. అలా పడిందంటే లైనులో గాలి తీయించి, కారుతున్న సిలిండరుకు కిట్టు మార్పిస్తే సరిపోవచ్చు.

గాలి సాయంతో పనిచేసే క్లచ్ ఉన్న పెద్ద బండ్లలో ఇంకో చిక్కు ఉంది. ఎక్కడైనా లీకుంటే రాత్రంతా నిలిపిన బండిలో తెల్లారేసరికి గాలి ఉండదు. గాలి మీటరు ముల్లు పైకి రాకముందే గేరు మీద బలం చూపిస్తే, క్లచ్ సరిగా విడవక పళ్లు దెబ్బతింటాయి. లీకు వెతకడానికి సబ్బునీళ్లు చాలు.

చీమకుర్తి రాయి మోసే బండ్ల కథ వేరు. గెలాక్సీ గ్రానైట్ ఒక ఘనమీటరే దాదాపు 3 టన్నులు తూగుతుంది. ఆ బరువుతో క్వారీ మెట్ట ఎక్కేటప్పుడు క్లచ్ సగం తొక్కిపట్టి లాగిస్తే ప్లేటు కాలుతుంది. ఇంజను అరుస్తుంది, బండి లాగదు, మాడిన వాసన వస్తుంది. ఇది క్లచ్ జారడం. పైన చెప్పిన విడవకపోవడానికి ఇది సరిగ్గా తిరగబడ్డ జబ్బు. పెడల్ ఫ్రీప్లే (ఊరికే దిగే దూరం) మరీ తక్కువైతే జారుతుంది, మరీ ఎక్కువైతే విడవదు. ఈ రెంటినీ కలగలిపి మెకానిక్కుకు చెబితే ఆయన తప్పు దారిలో వెతుకుతాడు.

మనం బొత్తిగా పట్టించుకోనిది గేరాయిలు. క్రౌన్ హౌసింగుకు పోసే జీఎల్-5 ఆయిలునే గేర్‌బాక్సులోనూ పోసేస్తుంటారు. అందులోని రసాయనాలు కొన్ని ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. తయారీ సంస్థ పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే అదే పోయాలి. ఆయిలు మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం చూడండి. బూడిద రంగు ముద్ద మామూలే. ఇనుప పెచ్చులు కనిపిస్తే పళ్లో బేరింగో విరుగుతున్నాయి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆయిలును ఎండలో పట్టి చూడాలి. బంగారు రంగు రజను మెరిస్తే, పైగా ఒకే గేరు దగ్గర కర్రుమంటుంటే, ఆ గేరు సింక్రో అయిపోయినట్టే. దీనికి మాత్రం గేర్‌బాక్స్ విప్పక తప్పదు.

అన్నిటికన్నా ప్రమాదం గేరు తనంతట తాను న్యూట్రల్‌కు జారిపోవడం. గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్ దిగేటప్పుడు అలా జరిగితే ఇంజను పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పనిచేయడం మానేస్తాయి. ఈ లోపమున్న బండికి ఘాట్ లోడు ఒప్పుకోవద్దు. బాగుచేయించేటప్పుడు ముందు ఇంజను, గేర్‌బాక్స్ మౌంటింగులు, ఆ తర్వాత పైనున్న బాల్‌-స్ప్రింగులు, చివరికి ఫోర్కు, పళ్లు చూడాలి.

ఆటోమేటిక్ గేర్ల పాత డీజిల్ బండ్లు మన దగ్గర అరుదు. అమెరికాలో పాత డీజిల్ పికప్పులు వాడే మనవాళ్లకు అవి తెలుసు. వాటిలో గేరు మార్చేది ఆయిలు ఒత్తిడి కాబట్టి ముందు ఆయిలు మట్టం, రంగు, మాడు వాసన, ఫిల్టరు చూస్తారు. తర్వాత వైర్ల కనెక్టర్లు, పాతకాలం వాటిలోనైతే యాక్సిలరేటరు నుంచి వచ్చే కేబుల్ కొలత. మన కొత్త లారీల్లో వస్తున్న ఏఎంటీ అలాంటిది కాదు. అందులో ఉండేది మామూలు క్లచ్చూ గేర్‌బాక్సే, మనిషి పనిని యంత్రం చేస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా దించక తప్పకపోతే, ఆ ఒక్కసారే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యలోని పైలట్ బేరింగ్, ముందు ఆయిల్ సీలు అన్నీ చూపించి అరిగినవి మార్పించండి. పైలట్ బేరింగ్ బిగుసుకుపోయినా క్లచ్ విడవనట్టే ఉంటుంది. దాన్ని వదిలేసి ప్లేటు ఒక్కటే మారిస్తే అదే ఇబ్బందితో బండి మళ్లీ షెడ్డుకు వస్తుంది, దించే కూలి రెండోసారి కట్టాలి.