కాగితం పువ్వు ఎందుకు అలిగింది?



మన గేటు పక్కన పెయింటు డబ్బాలో ఉన్న కాగితం పూల చెట్టు మీ అందరికీ తెలుసు. ఇప్పుడు ఐదో తరగతి చదువుతున్న ఒక తమ్ముడు రెండేండ్ల కింద జూన్‌లో తండా నుంచి వస్తూ దాన్ని చిన్న కొమ్మగా తెచ్చిండు. వాళ్ల యాడి ఇంటి ముందరి చెట్టు కొమ్మ విరిచి, తడిగుడ్డలో చుట్టి పంపిందట. కొమ్మ బతికింది. నిలువెత్తు పెరిగింది. కాని రెండు చలికాలాలు పోయినా ఒక్క పువ్వు పూయలేదు. అన్నీ ఆకులు, ముళ్లే.

పోయిన నవంబర్‌లో వార్డెన్ సార్ చూసి, "ఇది పూసేది కాదురా. చిన్న పిల్లలకు ముళ్లు గుచ్చుకుంటున్నయి. తీసేసి కరివేపాకు పెట్టుకుందాం" అన్నరు. సార్ చెప్పిందాంట్లో తప్పు లేదు. కాని ఆ తమ్ముడు ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. అప్పుడు మేము తోట కమిటీ వాళ్లం పోయి, "సార్, జనవరి 26 దాకా టైమియ్యండి" అని అడిగినం. సార్ సరే అన్నరు.

సైన్స్ సార్‌ను, రోడ్డు మీది నర్సరీలో పనిచేసే ఒక పెద్దాయనను అడిగి మేము తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నం. మీ ఇంటి దగ్గర కూడా ఇవి పనికొస్తాయి.

పువ్వు కాని పువ్వు

మనం పువ్వు అనుకునే ఎర్రటి, గులాబీ రంగు రేకలు నిజానికి పూరేకులు కావు. అవి రంగు మారిన ఆకులు. ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూడండి. ఆకుకు ఉన్నట్టే మధ్యలో ఈనె, దాని నుంచి చీలిన చిన్న ఈనెలు కనిపిస్తాయి. మూడు రంగు ఆకుల మధ్య మూడు సన్నటి గొట్టాలు ఉంటాయి. వాటి చివర తెల్లగా, చుక్కలాగా విచ్చుకునేదే అసలు పువ్వు. అది చాలా చిన్నది కాబట్టి పురుగులను పిలవడానికి ఆకులు రంగు వేసుకుంటాయి. ఎండినా రంగు తొందరగా పోక కాగితం లెక్క గలగలమంటాయి. అందుకే మనవాళ్లు కాగితం పూలు అన్నరు. సాయంత్రం పూసే చంద్రకాంత చెట్టు కూడా ఈ కుటుంబానిదే.

పేరు వెనక కథ

ఈ చెట్టు ఇంగ్లీషు పేరు బోగన్‌విలియా. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1766లో బోగన్‌విల్ అనే ఫ్రెంచి కెప్టెన్ ప్రపంచం చుట్టి రావడానికి ఓడలో బయలుదేరిండు. ఆ యాత్రలో కొమెర్సన్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు ఉన్నడు. 1767లో బ్రెజిల్ దేశపు రియో డి జనీరోలో ఓడ ఆగినప్పుడు ఈ మొక్కను సేకరించి, దానికి తమ కెప్టెన్ పేరు పెట్టిండు.

కొమెర్సన్‌కు సహాయకుడిగా ఒక మనిషి ఉండేవాడు. బరువులు మోసేవాడు, కొండలెక్కి మొక్కలు తెచ్చేవాడు. తర్వాత తెలిసింది ఏమంటే, ఆ మనిషి మగవాడు కాదు, జాన్ బారే అనే స్త్రీ. అప్పట్లో ఫ్రెంచి నౌకాదళం ఓడల్లో ఆడవాళ్లను ఎక్కనిచ్చేవారు కాదు. అందుకే మగ వేషం వేసుకున్నది. ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి స్త్రీగా చరిత్రలో ఆమె పేరే చెప్తారు. ఆమె పేరు చాలా ఏండ్లు ఏ మొక్కకూ లేదు. 2012లో వంకాయ, టమాట కుటుంబానికి చెందిన ఒక కొత్త మొక్కకు ఆమె పేరు పెట్టినరు. కాగితం పువ్వు చూసినప్పుడు కెప్టెన్‌తో పాటు ఆమెను కూడా తలుచుకోవాలి.

మన దేశంలో ఈ చెట్టు మీద మంచి పరిశోధన జరిగింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో డాక్టర్ బి.పి. పాల్ గోధుమ మీద పనిచేస్తూనే గులాబీలు, బోగన్‌విలియాల్లో కొత్త రకాలు తెచ్చిండు. ఒకే చెట్టుకు తెల్లవి, గులాబీవి కలిపి పూసే 'మేరీ పామర్' రకం కలకత్తాలో పుట్టిందే.

మన నేలకు ఎందుకు నప్పుతుంది?

మన మహేశ్వరంలో ఎర్ర నేల. దాని కింద గట్టి రాయి. వాన ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్లు, అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబర్ లోపలే. రాతి పగుళ్లలో దిగిన నీళ్లే మన బోర్లలోకి వస్తాయి. 1999లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ భూగర్భ శాస్త్ర సంస్థ కలిసి భూగర్భ జలాల కేంద్రం పెట్టినయి. ఆ శాస్త్రవేత్తలు పరిశోధనకు ఎంచుకున్న చోట్లలో మన మహేశ్వరం ఒకటి. సుమారు 53 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో బోర్ల నీటి మట్టం కొలిచి, తోడేది ఎక్కువ, ఇంకేది తక్కువ అని తేల్చినరు. ఫ్రెంచి వాళ్ల పేరున్న మొక్క గురించి చదువుతుంటే, ఫ్రెంచి వాళ్లు మన ఊరి నీళ్లు కొలిచిన సంగతి తెలిసింది. మాకు ఆశ్చర్యం అనిపించింది.

నీళ్లు తక్కువున్న చోట నీళ్లు తక్కువ తాగే మొక్కే మేలు. కాగితం పూల చెట్టు అటువంటిది. హైదరాబాద్ పోయేటప్పుడు పెద్ద రోడ్ల నడుమ డివైడర్ల మీద దీన్ని చూసే ఉంటారు. ఎండ, దుమ్ము, పొగ అన్నిటికీ ఓర్చుకుంటుంది. రాత్రిపూట ఎదుటి బండి లైటు కండ్లల్ల కొట్టకుండా అడ్డం కూడా ఉంటుంది.

మేము చేసిన తప్పులు

మరి ఇంత ఓర్పు గల చెట్టు మన దగ్గర ఎందుకు అలిగింది? పెద్దాయన డబ్బా సంగతి మొత్తం విని, "మీరు దాన్ని ముద్దు చేసి చెడగొట్టిన్రు బిడ్డా" అన్నడు. తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డయి.

మొదటిది: డబ్బాను యాప చెట్టు నీడకు, నల్లా పక్కకు పెట్టినం. ఎండలో మాడుతుందని భయం. దీనికి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నీడలో ఆకులే వస్తాయి.

రెండోది: పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు నీళ్లు. ఆ తమ్ముడైతే తన స్నానం బకెట్లో సగం మిగిలించి పోసేవాడు. చలికాలం సగం నీళ్లతోనే స్నానం చేసిండంటే చూడండి.

మూడోది: డబ్బా అడుగున రంధ్రమే లేదు! ఎత్తి చూస్తే కింద మట్టి మురుగు వాసన వచ్చింది. వేర్లకు గాలి కూడా కావాలి. నీళ్లలో మునిగితే కుళ్లిపోతాయి.

నాలుగోది: మా కమిటీలో ఒకరు ఇంటి నుంచి పిడికెడు యూరియా తెచ్చి వేసిండు. యూరియాలో నత్రజని ఉంటుంది. నత్రజని ఆకుకు బలం, పువ్వుకు కాదు.

ఈ చెట్టు స్వభావం ఏమిటంటే, నీళ్లు కొంచెం కరువైతే, వేర్లకు చోటు కొంచెం ఇరుకైతే పూతకు వస్తుంది. సుఖంగా ఉంటే పెరుగుతూనే పోతుంది.

"నీ నీళ్ల వల్లనే పూయలేదు" అని మేము తమ్మునికి సూటిగా చెప్పేసినం. వాడు ఏడ్చిండు. అట్ల చెప్పడం మా ఐదో తప్పు. వాడు ప్రేమతో పోసిండు, ఎంత పోయాల్నో మాకే తెల్వదు, వానికెట్ల తెలుస్తది?

ఇంటి దగ్గర పెంచే పద్ధతి

1. కొమ్మ: జూన్, జూలై నెలలు మంచివి. పెన్సిల్ అంత మందం, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులున్న ముదురు కొమ్మ తీసుకోవాలి. కింద ఏటవాలుగా, పైన తిన్నగా కోయాలి. అట్లయితే ఏది కింద, ఏది పైన అన్నది మరిచిపోము. ఆకులు తీసేయాలి.

2. నాటడం: సగం ఎర్రమట్టి, సగం ఇసుక. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. వేర్లు వచ్చేదాకా నీడలో ఉంచాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చిగురు రాగానే వేరు వచ్చిందనుకోవద్దు. కొమ్మలో దాచుకున్న బలంతోనే మొదటి చిగురు వస్తుంది. వేరు వచ్చిందా అని గుంజి చూడొద్దు. మేము తర్వాత పది కొమ్మలు నాటి, గుంజి చూసి ఆరు చంపినం.

3. మార్చడం: దీని వేర్లు చాలా సున్నితం. మట్టి దులపొద్దు. కవర్‌ను బ్లేడుతో చీల్చి మట్టి ముద్దతో సహా గుంతలో పెట్టాలి. కుండీ అయితే అడుగున రంధ్రం, దాని మీద పెంకు ముక్క తప్పనిసరి.

4. నీళ్లు: చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి గుచ్చండి. తడి తగిలితే పోయొద్దు. పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోయాలి, మళ్లీ ఎండేదాకా ఆగాలి. మట్టి పొడిగా ఉండి ఆకు వాలితే దప్పిక. మట్టి తడిగా ఉండి ఆకు పసుపై రాలితే నీళ్లు ఎక్కువైనట్టు. ఈ తేడా గుర్తుంటే సగం పని తెలిసినట్టే.

5. ఎరువు: బాగా మాగిన పశువుల ఎరువు రెండు పిడికెళ్లు, కత్తిరించిన తర్వాత వేయాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇండ్లల్ల ఒక పిడికెడు బూడిద కలుపుకోవచ్చు. అందులో పొటాష్ ఉంటుంది.

6. కత్తిరింపు: కొత్త చిగుళ్ల మీదనే పూత వస్తుంది. అందుకే ఒక విడత పూత అయిపోగానే కొమ్మలను మూడో వంతు కత్తిరించాలి. రాత్రి పొడుగు, పగలు పొట్టి అయ్యే రోజుల నుంచి ఎండాకాలం దాకా పూత ఎక్కువ. వానాకాలంలో ఆకులు ఎక్కువ.

7. ముళ్లు: చేతికి గోనె సంచి చుట్టుకుని పట్టుకోవాలి. కోసిన కొమ్మలు దారిలో వేయొద్దు, ఎండిన ముల్లు చెప్పులోంచి దిగుతుంది. గుచ్చుకుంటే సబ్బుతో కడగాలి. లోతుగా దిగితే దాచిపెట్టకుండా వార్డెన్ సార్‌కు చెప్పాలి. టి.టి. ఇంజక్షన్ అవసరమా అన్నది డాక్టర్ చూస్తరు.

8. పిండినల్లి: కొమ్మల సందుల్లో తెల్లగా దూది లెక్క కనిపిస్తుంది. లీటరు నీళ్లకు ఒక చెంచా వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

ఇప్పుడు ఎట్లుంది?

డిసెంబర్ మొదటి వారంలో డబ్బాకు మేకుతో ఐదు రంధ్రాలు కొట్టినం. ఎండ పడే గోడ పక్కకు జరిపినం. కొమ్మలు కత్తిరించినం. నీళ్ల డ్యూటీ ఆ తమ్మునికే ఇచ్చినం, కాని ముందు వేలు పెట్టి చూడాలని షరతు. వాడు రోజూ వేలు పెట్టి చూసేది, "ఇయ్యాల వద్దు" అని మగ్గు పక్కన పెట్టేది. పోయడం కన్న పోయకుండా ఉండడమే వానికి కష్టమైంది.

జనవరి 26 వచ్చింది. పువ్వు రాలేదు. జెండా వందనం అయినంక అందరం సార్ ముఖం చూసినం. సార్ చెట్టు దగ్గరికి పోయి కొత్త చిగుళ్లు చూసి, "ఇంకో నెల చూద్దాం" అని వెళ్లిపోయినరు.

ఫిబ్రవరి రెండో వారంలో, పొద్దున ప్రార్థనకు ముందు, తమ్ముడు ఉరుక్కుంట వచ్చి మమ్మల్ని లేపిండు. మూడు కొమ్మల చివర చిన్న చిన్న మొగ్గలు, మిరపగింజంత, ఎర్రగా. ఇది రాసేనాటికి ఏడు గుత్తులు విచ్చుకున్నయి.

మిత్రులారా, ఇంకా ఒక పని మిగిలింది. ఎండాకాలం సెలవుల్లో మనం అందరం ఇంటికి పోతం. ప్రతి ఏడు మనం తిరిగి వచ్చేసరికి మొక్కలన్నీ ఎండి ఉంటాయి. భూమిలో కుదురుకున్న కాగితం పూల చెట్టు ఆ ఎండకు తట్టుకుంటుంది గాని, డబ్బాలోది తట్టుకోదు. కాబట్టి ఈ ఎండాకాలం ఒక్కటి వాచ్‌మెన్ తాతను అడిగి, రెండు రోజులకోసారి వేలు పెట్టి చూసి నీళ్లు పోయమందాం. జూన్‌లో మొదటి వానలు పడగానే గేటు పక్కన, పిల్లలు నడిచే దారికి నాలుగు అడుగులు దూరంగా, భూమిలో నాటుదాం. అందుకు వార్డెన్ సార్ అనుమతి కోరుతున్నం. సార్ అడిగిన కరివేపాకు మొక్క కూడా దాని పక్కకే పెడతం.

బతికిన నాలుగు కొమ్మలు వంటశాల వెనక ఉన్నయి. ఇంటికి తీసుకుపోవాలనుకునే వాళ్లు తోట కమిటీలో పేరు రాయించుకోగలరు. ఒకటి మాత్రం ఆ తమ్ముని కోసం పక్కకు పెట్టినం. వాళ్ల ఇంటి ముందరి చెట్టును పోయిన ఏడు రోడ్డు వెడల్పులో తీసేసినరట. వాని యాడికి మళ్లీ ఒక కొమ్మ కావాలె.

ఇట్లు,
తోట కమిటీ తరఫున,
తొమ్మిదో తరగతి విద్యార్థి