చీకటిలో కన్న కల

కలకు కార్యకారణములు లేకున్నను, కలగన్నవాని భయము నిజమైనదే. అమెరికా దర్శకుడు డేవిడ్ లించ్ నిర్మించిన 'ఎరేజర్‌హెడ్' అను నలుపు తెలుపు చిత్రమునకు ఈ భయమే ప్రాణము. వికృతరూపముతో పుట్టి, ఎడతెగక ఏడ్చు శిశువు నెదుట తండ్రి హెన్రీ పడు వేదన ఇందలి కథ.

అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటు వారి 10,000 డాలర్ల సహాయముతో, లాస్ ఏంజెలిస్ ప్రాంతమున, వారి ఆవరణలోని పాత గుర్రపుశాలలలో 1972లో చిత్రీకరణ మొదలయ్యెను. ధనము చాలక పని పలుమార్లు నిలిచెను. లించ్ వార్తాపత్రికలు పంచి జీవనము గడపెను. హెన్రీ తలుపుపిడి త్రిప్పిన దృశ్యమునకును, లోనికి వచ్చిన దృశ్యమునకును నడుమ ఏడాదిన్నర గడచెను. తెరపై అది ఒక్క క్షణమే. 1977లో చిత్రము విడుదలై, అర్ధరాత్రి ప్రదర్శనలతో ప్రసిద్ధి కెక్కెను.

ఖరీదైన రంగాలంకరణకు మారుగా ఇందు గాఢమైన చీకటి కలదు. ఆ చీకటి వెనుకనున్న కర్మాగారముల నగరమును, లించ్, అలన్ స్ప్లెట్ కూర్చిన యంత్రఘోష మన మనస్సున నిలుపును. కానరాని లోకమును శబ్దముతో కట్టుట రేడియో శ్రోతలకు క్రొత్త గాదు. రేడియో నాటకమును వినునట్లే, అర్థమునకై తొందరపడక ఈ చిత్రమును ముందుగా చెవియొగ్గి వినవలెను.