8, 9 తరగతి పిల్లలున్నారా? ఇంట్లో రూల్స్ వాళ్లకే కాదు.. పేరెంట్స్‌కీ ఉండాలి!

‘అందరూ వెళ్తున్నారు.. నేనొక్కడినే ఆగిపోవాలా?’ 13, 14 ఏళ్ల పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. ఫ్రెండ్ బర్త్‌డే, మాల్‌లో సినిమా, ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్, నాన్న స్కూటీ.. ఒక్కోదానికి ఒక్కో గొడవ. అమ్మ ‘నాన్నని అడుగు’ అంటుంది. నాన్న ‘అమ్మని అడుగు’ అంటాడు. చివరికి పిల్లలు ఎవరినీ అడగకుండానే పని కానిచ్చేస్తారు. అసలు సమస్య మొదలయ్యేది అక్కడే. మరి ఏం చేయాలి?

ముందే కూర్చుని మాట్లాడుకోండి

బయటికి వెళ్తూ చెప్పులేసుకునే టైమ్‌లో పెట్టిన రూల్ పిల్లలకు శిక్షలాగే అనిపిస్తుంది. అందుకే గొడవ లేని రోజు చూసుకుని మాట్లాడాలి. ముందు వాళ్లకు ఏం కావాలో వాళ్లనే పేపర్ మీద రాయమనండి. తర్వాత మీరు అనుకున్నవి రాయండి. సేఫ్టీకి సంబంధించినవాటిలో బేరాల్లేవ్. హెయిర్ స్టైల్, డ్రెస్, ఆదివారం ఎన్నింటికి లేవాలి లాంటివాటిలో మాత్రం కాస్త తగ్గొచ్చు. మొత్తం ఐదారు రూల్స్ చాలు. ప్రతి రూల్‌కీ కారణం చెప్పాలి. ఇంకో విషయం.. అబ్బాయికి రాత్రి 9 వరకు పర్మిషన్, అమ్మాయికి సాయంత్రం 6 వరకే అంటే ఆ రూల్స్‌ని ఇద్దరిలో ఎవరూ గౌరవించరు.

బయటికి వెళ్తే నాలుగు ప్రశ్నలు

ఎక్కడికి? ఎవరితో? ఎలా వెళ్లి ఎలా వస్తావ్? ఎన్నింటికి వస్తావ్? ఈ నాలుగింటికి జవాబు ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే. మధ్యలో ప్లాన్ మారితే ఒక్క ఫోన్ కాల్ తప్పనిసరి. పార్టీ ఇంట్లో అయితే అక్కడ పెద్దవాళ్లు ఉంటారా అని ఆ పేరెంట్స్‌నే నేరుగా అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఫ్రెండ్స్ పేరెంట్స్ నలుగురైదుగురు కలిసి ఒకే టైమ్ ఫిక్స్ చేసుకుంటే ‘అందరూ ఉంటున్నారు’ అనే మాటే ఉండదు.

బండి విషయంలో నో అంటే నో

‘పక్క వీధికే కదా’ అని తాళాలు ఇచ్చేస్తున్నారా? 16 ఏళ్లు నిండితే 50 సీసీ లోపు గేర్ లేని బండికి మాత్రమే లైసెన్స్ ఇస్తారు. మన ఇళ్లలో ఉండే స్కూటీలు చాలావరకు అంతకంటే పెద్దవే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి ఓనర్‌కు మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ఫోన్ రూల్స్ ఇలా..

ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ తెరవాలంటే కనీసం 13 ఏళ్లు ఉండాలి. టీనేజర్ల అకౌంట్లు డిఫాల్ట్‌గా ప్రైవేట్‌లోనే ఉంటాయి. 16 ఏళ్లలోపు వాళ్లు ఈ సెట్టింగ్స్ సడలించుకోవాలంటే పేరెంట్ ఓకే చెప్పాలి. అయితే పుట్టిన తేదీ తప్పుగా ఇస్తే ఈ రక్షణ దొరక్కపోవచ్చు. కాబట్టి అకౌంట్ తెరిచేటప్పుడు పక్కనే కూర్చోండి. రాత్రి 10 తర్వాత ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్ పెట్టాలి. మీ ఫోన్ కూడా!

పేరెంట్స్ పాటించాల్సినవి

- ఫ్రెండ్స్ ముందు తిట్టొద్దు. ఇంటికొచ్చాక మాట్లాడండి.
- ఫోన్ చెక్ చేస్తే చెప్పి చేయండి. దొంగచాటుగా చాట్స్ చదివితే పిల్లలు ఇంకో అకౌంట్ తెరుస్తారు.
- వాళ్లను అడగకుండా మార్కులు, ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు.
- ఎంత కోపంలో ఉన్నా సరే, ‘వచ్చి తీసుకెళ్లు’ అని ఫోన్ చేస్తే వెళ్లాల్సిందే. క్లాస్ పీకడం మర్నాడు.

రూల్ తప్పితే?

శిక్ష కూడా ముందే అనుకోవాలి. అరగంట లేటుగా వస్తే, తర్వాతిసారి అరగంట ముందే ఇంట్లో ఉండాలి. అంతే. నెలల తరబడి ఫోన్ లాక్కోవడం, కొట్టడం వల్ల పిల్లలు మారరు. దాచడం నేర్చుకుంటారు. రూల్స్ సరిగ్గా పాటిస్తే స్వేచ్ఛ పెంచాలి. పరీక్షలు అయిపోయిన ప్రతిసారీ లిస్ట్ మళ్లీ చూసుకోండి.

అన్నింటికన్నా ముఖ్యమైన రూల్ ఇదే

‘ఏ తప్పు జరిగినా ముందు మాకు చెప్పు. ఆ రోజు తిట్టం.’ ఎందుకంటే ఆన్‌లైన్‌లో బ్లాక్‌మెయిల్ చేసేవాళ్ల ఆయుధం ఒక్కటే.. ‘ఈ ఫొటో మీ అమ్మానాన్నకి పంపిస్తా’ అన్న బెదిరింపు. ఇంట్లో చెప్పుకోగలిగిన పిల్లల మీద అది అంతగా పనిచేయదు. చెప్పుకోలేని పిల్లలు డబ్బులు పంపుతారు, ఒంటరిగా కుమిలిపోతారు. ఒక్కోసారి పరిస్థితి ప్రాణాల మీదకు వస్తుంది. అలాంటిది జరిగితే మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. పిల్లలే నేరుగా సాయం అడగాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416 ఉన్నాయి. ఈ మూడు నంబర్లూ రూల్స్ లిస్ట్ కిందే రాసి ఫ్రిజ్ మీద అంటించండి.