ఏ రోగ మెంత ప్రాణాంతకము?

గౌతమికి చేరువనున్న ఆలమూరు ప్రాంతమున వర్షకాలము వచ్చినతోడనే తల్లులకు వాంతిభేదులను గూర్చిన భయము కలుగుచుండును. “పదిమందికి వచ్చి ముగ్గురు పోయిరట” అని యొకరు, “మా వీధిలో అందరును బ్రదికిరి” అని మరియొకరు చెప్పుదురు. రెండును నిజమే కావచ్చును. అట్లయిన ఆ రోగ మెంత ప్రాణాంతకమని తలంపవలెను?

వైద్యులు చేయు లెక్క సులభమైనదే. రోగము సోకినట్లు తేలినవారిలో నూటికెందరు మరణించిరో చూతురు. పెద్ద మశూచికమున నూటికి ఇంచుమించు ముప్పదిమంది మరణించెడివారు. మన దేశమున ఆ రోగము నిర్మూలమైనదని 1977లో ధ్రువపరుపబడినది.

అయితే మృతులను లెక్కించుటకంటె రోగము సోకినవారిని లెక్కించుట కష్టము. ఆసుపత్రికి వచ్చినవారినే లెక్కించినచో, ఇంటనే స్వల్పముగా బాధపడి కోలుకొన్నవారు విడిచిపోవుదురు. రోగము ఉన్నదానికంటె భయంకరముగ కనబడును. ఇంకను మంచముననున్నవారిని బ్రదికినవారిలో చేర్చినచో తక్కువగా కనబడును. 2020లో కోవిడు వచ్చిన తొలిమాసములలో ఈ రెండు చిక్కులును ఎదురైనవి.

నూటికెందరు పోవుదురను లెక్క వేరు, మొత్తముమీద ఎందరు పోయిరను లెక్క వేరు. పిచ్చికుక్క కాటువలన కలుగు రోగము లక్షణములు బయలుపడిన పిదప దాదాపు అందరిని చంపును. కాని అది ఇంటింటికి వ్యాపింపదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా సోకినవారిలో పెక్కుమంది బ్రదికిరి. అయినను అది ఊరూర వ్యాపించుటచే మన దేశమున కోటికి మించిన ప్రాణములు పోయినవి.

సోదరీమణులారా! ఈ లెక్క నుదుటివ్రాత కాదు. తీవ్రమైన కలరాకు చికిత్స లేనిచో సగముమంది వరకు మరణింతురు. సకాలమున చికిత్స జరిగినచో నూటికొకరును పోరు. 1971లో బనగాఁవ్ కాందిశీకుల శిబిరమున సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పదివరకు నున్న మరణములు నాలుగింటికి లోపడినవి.

కావున బిడ్డకు భేదులు పట్టినప్పుడు నీరు మాన్పింపరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లము లేనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెమ్చాల చక్కెర, అరచెమ్చా ఉప్పు తలగొట్టి కలిపి, కొంచెము కొంచెముగ పట్టవలెను, చనుబాలు మానరాదు. బిడ్డ కన్నులు లోతుకు పోయినను, మత్తుగ నున్నను వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. కుక్క కరచినచో పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, ఆనాడే టీకా వేయింపవలెను. రోగ మొకటే; ఈ పనులు చేసిన యింట దాని లెక్క వేరు.