అడ్డపొగ మాన్పించిన కథ



ఓపీ గదిలో తరచుగా వినిపించే సంభాషణతో మొదలుపెడతాను. అరవై దాటిన ఒక అమ్మగారు వస్తారు. పుట్టిల్లు విశాఖ వైపు, మెట్టినిల్లు ఇక్కడ గోదావరి గట్టు మీద. కూరలో కారం తగిలితే నోరు మంట అని చెబుతారు. కేసు షీటు రాసే సిస్టరమ్మ "సిగరెట్టుగానీ బీడీగానీ తాగుతారా మామ్మగారూ?" అని అడుగుతుంది. "ఛ, నేనెందుకు తాగుతానమ్మా!" అంటారావిడ. షీటులో "లేదు" అని పడిపోతుంది. నోరు తెరిపించి టార్చిలైటు వేస్తే అంగిలి అంతా తెల్లగా మందం కట్టి, అక్కడక్కడ ఎర్రటి చుక్కలు. "చుట్ట కాలుస్తారా?" అంటే మాత్రం "ఆ, అదెప్పుడూ ఉన్నదేగా, మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను" అంటారు. నిప్పు ఎటు పెడతారని అడగాలి. "లోపలికే."

ఆవిడ అబద్ధమాడలేదు. ఆవిడ లెక్కలో చుట్ట వేరు, సిగరెట్టు వేరు. మనం అడిగిన ప్రశ్నే సరిగా లేదు. పొగాకు మాన్పించే పని ఏదైనా సరే, ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో ఇది ఎక్కువ, అందులోనూ ఆడవాళ్ళలో ఎక్కువ. ఎందుకు అంటే చాలా కారణాలు చెబుతారు. సముద్రపు గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనిలో ఉన్నా నోట్లో ఉండిపోతుంది, చంకలో బిడ్డ మీద నిప్పు రాలదు. విన్నప్పుడు ఏ కారణమూ తెలివితక్కువగా అనిపించదు. కానీ నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతా పొగాకు అలవాట్లలో పుండు సాధారణంగా బుగ్గ లోపలో, నాలుక పక్కనో వస్తుంది. అడ్డపొగ తాగేవారికి అంగిలి మీద వస్తుంది. అంగిలి క్యాన్సర్ ప్రపంచంలో మామూలుగా అరుదు.

ఈ సంబంధం కొత్తగా తెలిసినది కాదు. 1945లోనే ఖనోల్కర్, సూర్యాబాయి అనే ఇద్దరు పరిశోధకులు విశాఖ ప్రాంతపు ఈ అలవాటు గురించి రాశారు. తరువాత బొంబాయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చి సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు ఊరూరా తిరిగి 10,169 మందిని పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. అందులో ప్రతి 100 మందిలో సుమారు 44 మందికి అడ్డపొగ అలవాటు ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే అది పుస్తకాల్లో మిగిలిపోయే లెక్క. వారు ఆగలేదు. శ్రీకాకుళం జిల్లాలోను, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాల్లోను కలిపి దాదాపు 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని 1977 నుంచి మాన్పించే పని మొదలుపెట్టారు. పద్ధతి చాలా సాదా. ఏటా ఇంటికి వెళ్ళడం, దంతవైద్యుడు నోరు చూడడం, కనిపించినది ఆ మనిషికే చెప్పడం, మానమని ఎదురుగా కూర్చుని మాట్లాడడం. తోడుగా పోస్టర్లు, సినిమాలు, రేడియో, పత్రికలు. అంతకుముందు పదేళ్ళు ఇవేవీ లేకుండా కేవలం పరిశీలించిన మనుషుల లెక్కతో దీనిని పోల్చి చూశారు. చెప్పించుకున్నవారిలో మానేసినవారు, తగ్గించినవారు ఎక్కువగా తేలారు. మానేసినవారి నోట్లో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కొత్తగా రావడం బాగా తగ్గింది. 1986లో లాన్సెట్ పత్రికలో ఈ పని గురించి వచ్చింది. మందు లేదు, ఆపరేషన్ లేదు. నాకు దీనిలో నచ్చేది మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. ఒకసారి చెప్పి వచ్చేస్తే ఎవరూ మానరు.

చట్టాలూ వచ్చాయి. పొగాకు నియంత్రణ చట్టం 2003లో చేశారు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదన్న నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి గట్టిగా అమలులోకి వచ్చాయి, జరిమానా 200 రూపాయల వరకు. 18 ఏళ్ళలోపు పిల్లలకు అమ్మకూడదు, బడికి 100 గజాలలోపు అమ్మకూడదు. పెట్టెల మీద బొమ్మల హెచ్చరిక 2009లో మొదలై, 2016 నుంచి పెట్టె రెండు వైపులా 85 శాతం మేర ఉండాలన్నారు. దేశం మొత్తం మీద పొగాకు వాడే పెద్దలు 2009-10 సర్వేలో 34.6 శాతం ఉంటే, 2016-17 సర్వేలో 28.6 శాతానికి దిగారు.

అయితే మన మామ్మగారికి ఈ బొమ్మ కనిపించదు. చుట్టకు పెట్టె ఏది? లంక పొగాకు ఆకు కొనుక్కుని ఇంట్లో చుట్టుకుంటారు, లేదా సంతలో విడిగా కొంటారు. సిగరెట్టు మీద పన్ను పెంచితే కుర్రవాడి జేబుకు తగులుతుంది, చుట్టకు తగలదు. అందుకే ఆవిడ దగ్గరకు శ్రీకాకుళం పద్ధతిలోనే మనిషి వెళ్ళాలి. ఆశా కార్యకర్త కావచ్చు, మన ఆసుపత్రి నర్సు కావచ్చు, మనవరాలు కావచ్చు.

లంకల్లో పొగాకు పండించే కుటుంబాలు మన చదువరులలోనూ ఉండవచ్చు. వారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రాజమండ్రిలో పొగాకు పరిశోధనా కేంద్రం పెట్టినది 1947లో ప్రభుత్వమే. పంట మార్చడం ఒక్క రైతు చేతిలో ఉన్న పని కాదు. అంగిలి చూపించుకోవడం మాత్రం ఎవరి చేతిలో వారికి ఉంది.

టీబీ మందులు వాడుతున్నవారికి ఒక మాట. చెన్నై ప్రాంతంలో చేసి 2003లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, పొగ తాగే మగవారు టీబీతో చనిపోవడం తాగనివారి కంటే సుమారు 4 రెట్లు ఎక్కువని తేలింది. మాత్రలు ఒక చేత్తో, బీడీ ఇంకో చేత్తో పట్టుకోవద్దు. మానాలనుకున్నవారు 1800-11-2356కు ఫోను చేయవచ్చు. ఇది ప్రభుత్వపు ఉచిత నంబరు, మానేవరకు వారు మాట్లాడి తోడుంటారు. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి సహజం. అవి మెల్లగా తగ్గుతాయి. మళ్ళీ ఒకసారి కాల్చారని సిగ్గుపడి ఆసుపత్రికి రావడం మానకండి. ఒక్కసారికే మానగలిగేవారు తక్కువ.

ఇంట్లో పెద్దవారుంటే వెలుతురులో కూర్చోబెట్టి తల వెనక్కి వాల్చమనండి. టార్చి వేసి అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద చూడండి. కట్టుడు పళ్ళుంటే తీయించి చూడాలి. తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, గడ్డ, రెండు వారాలు దాటినా మానని పుండు ఏది కనిపించినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా తీసుకురండి. మొదట్లో అది నొప్పి పెట్టదు. వచ్చినప్పుడు చుట్ట సంగతి మీరే చెప్పండి, మేము అడగడం మరచిపోయినా సరే.