వేరుశెనగలో కనిపించని విషం

బళ్ళారి నగరానికి దగ్గరలో ఉన్న కప్పగల్లు గ్రామం పక్కనున్న కొండ చరిత్రకారులకు సుపరిచితమైనది. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట, కొత్త రాతియుగంలో, కప్పగల్లు, సంగనకల్లు కొండలపై మానవులు నివసించారు. వారు పశువులను మేపారు. పెసలు, ఉలవలు, చిరుధాన్యాలు పండించుకున్నారు. పండిన గింజను మరుసటి పంట వరకు చెడకుండా దాచుకోవడం ఆనాటి నుంచీ మనిషికి ఉన్న సమస్యే. తిండి చెడిందో లేదో తెలుసుకోవడానికి అతనికున్న సాధనాలు మూడు: కన్ను, ముక్కు, నాలుక.

ఇవి తక్కువ సాధనాలు కావు. పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చగానే పులిసిన వాసన వస్తుంది. అన్నం పాచిపోతే జిగట చేతికి తెలుస్తుంది. కాని కొన్ని విషాలకు రంగు లేదు, వాసన లేదు. వాటిని కనిపెట్టాలంటే మన ఇంద్రియాలు చాలవు. అటువంటి విషాలలో ముఖ్యమైనది అఫ్లాటాక్సిన్.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని వ్యాధితో చనిపోయాయి. వాటి మేతలో కలిపిన వేరుశెనగ చెక్కను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసిన విషం బయటపడింది. ఆ బూజు పేరు నుంచే విషానికి అఫ్లాటాక్సిన్ అనే పేరు వచ్చింది.

మన దేశంలో ఈ విషం మనుషుల ప్రాణాలనే తీసింది. 1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్‌స్వాడా జిల్లాల పల్లెల్లో చాలామందికి కామెర్లు వచ్చి పొట్టలు ఉబ్బాయి. అదే తిండి తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. 397 మంది జబ్బు పడగా 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, ఆర్.వి. భట్ మొదలైనవారు కారణం శోధించారు. అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను ఆ పేదలు తిన్నారని తేలింది. పారవేస్తే తినడానికి వారికి వేరే గింజ లేదు.

ఈ విషం ముఖ్యంగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొద్దికొద్దిగా చాలాకాలం లోపలికి పోతే కాలేయ క్యాన్సరుకు దారితీస్తుంది. వండినా, వేయించినా పూర్తిగా నశించదు. విషమున్న చెక్కను పశువు తింటే దాని అంశం పాలలోకి కూడా వస్తుంది.

బళ్ళారి మెట్టపొలాలకూ, పక్కనున్న అనంతపురం జిల్లాకూ వేరుశెనగ ముఖ్యమైన పంట. అందుకే ఈ విషయం మనకు దూరమైనది కాదు. పంట చివరి దశలో వాన లేక నేల బెట్టకు వస్తే, కాయను పురుగు తొలిస్తే, పలుగు తగిలి కాయ పగిలితే బూజు లోపలికి చేరుతుంది. తేమ ఉన్న గోతాంలో అది పెరుగుతుంది. చెడిన గింజ కొన్నిసార్లు ముడతపడి రంగు మారుతుంది. కాని పైకి బాగున్న గింజలోనూ విషం ఉండవచ్చు.

హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో గుర్తించే పరీక్షలను రూపొందించింది. వీటికి ఆధారం ప్రతిరక్షకం. తాళానికి తాళంచెవి సరిపోయినట్లు ప్రతిరక్షకం ఒక్క అఫ్లాటాక్సిన్‌కే అతుక్కుంటుంది. రైతుకూ వ్యాపారికీ పనికివచ్చే చిన్న పట్టీలు కూడా వచ్చాయి. గింజలను పిండిచేసి, ద్రావకంలో కలిపి, ఆ ద్రవాన్ని పట్టీపై వేస్తారు. పట్టీలో రంగు పూసిన ప్రతిరక్షకాలు ఉంటాయి. గింజలో విషం లేకపోతే అవి పరీక్ష గీత దగ్గర ఆగి రంగు చూపుతాయి. విషం ఎక్కువగా ఉంటే ముందే దానిని పట్టుకుంటాయి కనుక ఆ గీత దగ్గర ఆగవు, గీత ఏర్పడదు. పట్టీ సరిగా పనిచేస్తున్నదని తెలిపే రెండవ గీత మాత్రం ఎప్పుడూ కనిపిస్తుంది. అంటే రెండు గీతలు మంచికి, ఒకే గీత చెడుకు గుర్తు.

ఎంత కొద్ది విషాన్ని పట్టాలో ఊహించండి. నేరుగా తినే వేరుశెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్ ఉండరాదని ఐరోపా దేశాల నియమం. అంటే వెయ్యి కిలోల పప్పులో 4 మిల్లీగ్రాములు. అది చిటికెడు ఉప్పుకన్నా ఎంతో తక్కువ. పైగా విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు. వేల గింజల్లో ఏ నాలుగింటిలోనో ఎక్కువగా ఉండవచ్చు. కాబట్టి ఒక బస్తాలో పిడికెడు తీసి పరీక్షిస్తే చాలదు. ప్రతి బస్తా నుంచి కొంత తీసి, కలిపి, పిండిచేసి పరీక్షించాలి.

పరీక్ష విషం ఉందని చెప్పగలదే గాని దానిని తీసివేయలేదు. తీసివేయడంకన్నా రాకుండా చూడటం తేలిక. పెరికిన చెట్లను కాయలు పైకి ఉండేలా బోర్లించి ఎండబెట్టాలి. ఊపితే గింజలు గలగలలాడే వరకు, అంటే తేమ సుమారు 8 శాతానికి తగ్గే వరకు ఆరనివ్వాలి. పగిలిన కాయలను, పుచ్చులను వేరుచేయాలి. పప్పు విరగకూడదని కాయలపై నీళ్లు చల్లి ఒలిపించే అలవాటు మానుకోవాలి. గోతాలను నేలకు తగలకుండా చెక్కలపై పేర్చాలి. ఏరివేసిన పుచ్చులను ఇంటి నూనెకూ, పశువుల మేతకూ వాడకూడదు.

మంచి పప్పు అంగడికి, పుచ్చులు ఇంటికి అనుకోవడం పొదుపులా కనిపిస్తుంది. కాని ఆ పొదుపుకు మూల్యం చెల్లించేది ఇంట్లోని పిల్లల ఆరోగ్యమే.

పదాలు – అర్థాలు
బెట్ట = వాన లేక ఏర్పడిన పొడి పరిస్థితి
ప్రతిరక్షకం = శరీరంలోకి వచ్చిన పరాయి పదార్థాన్ని పట్టుకునే మాంసకృత్తు
మూల్యం = వెల

ప్రశ్నలు
1. కన్ను, ముక్కు, నాలుక అఫ్లాటాక్సిన్‌ను ఎందుకు గుర్తించలేవు?
2. పరీక్ష పట్టీలో ఒకే గీత కనిపిస్తే ఏమని గ్రహించాలి? ఎందువల్ల?
3. మీ ఊళ్లో వేరుశెనగ కాయలను ఎలా ఆరబెట్టి నిలువ చేస్తారో పెద్దలను అడిగి రాయండి.