వర్సిటీ నెట్‌వర్క్‌లకు ఇంటిదొంగల బెడద

తిరుపతి: 2017 మే నెలలో ‘వనాక్రై’ వైరస్‌ ప్రపంచాన్ని కుదిపివేసినపుడు దాని సెగ ఈ ప్రాంతానికీ తాకింది. చిత్తూరు జిల్లా పోలీసుల కంప్యూటర్లు కొన్ని స్తంభించాయి. తిరుమల తిరుపతి దేవస్థానం పరిపాలన విభాగాల్లోనూ కొన్నింటిలో దస్త్రాలు తెరుచుకోలేదు. అవి తిరిగి కావాలంటే బిట్‌కాయిన్ల రూపంలో సొమ్ము చెల్లించాలన్నది దుండగుల షరతు. ఆ లోపాన్ని సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్‌ సంస్థ రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. దానిని వేసుకోని కంప్యూటర్లే ప్రధానంగా చిక్కుకున్నాయి.

ఆ దాడిలో తిరుపతిని ఎవరూ గురిచూసి ఎంచుకోలేదు. తలుపు తీసి ఉన్న ప్రతి ఇంటిలోకీ దొంగ చొరబడ్డాడంతే. విశ్వవిద్యాలయాల సంగతి కొంత భిన్నం. ఎస్వీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాలు, ఐఐటీ, ఐసర్‌, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం కొలువైన ప్రాంతం కనుక ఆ తేడాను తెలుసుకోవడం అవసరం.

మూడూ కలిస్తేనే నేరం

నేరం చేయాలన్న కోరిక గలవాడు, అనువైన వస్తువు, కాపలా లేకపోవడం. ఈ మూడూ ఒకచోట కలిసినపుడే నేరం జరుగుతుందని అమెరికా పండితులు లారెన్స్‌ కోహెన్‌, మార్కస్‌ ఫెల్సన్‌ 1979లో ప్రతిపాదించారు. ఈ సిద్ధాంతం కంప్యూటర్‌ నేరాలకూ వర్తిస్తోంది. మార్కుల జాబితాలు, పట్టాల వివరాలు, పరిశోధన ఫలితాలు విశ్వవిద్యాలయంలోనే ఉంటాయి. బ్యాంకు తన ద్వారాలు మూసుకోగలదు. ఏటా వేలమంది కొత్తవారిని చేర్చుకునే విద్యాసంస్థకు అది సాధ్యం కాదు. ప్రయోగశాలలో ఒకే కంప్యూటర్‌ను పదిమంది వాడతారు. చదువు ముగించి వెళ్లినవారి పాస్‌వర్డులు రద్దు కాకుంటే అవే దొడ్డిదారులు.

దాడి వేళలే సాక్ష్యం

బ్రిటన్‌ విద్యాసంస్థల నెట్‌వర్క్‌ను నిర్వహించే జిస్క్‌ సంస్థ, 2017-18 విద్యా సంవత్సరంలో సర్వర్లను ఉక్కిరిబిక్కిరి చేసిన 850కి పైగా దాడుల వేళలను పరిశీలించింది. తరగతులు జరిగే రోజుల్లో, ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు దాడులు పెరిగాయి. సెలవుల్లో తగ్గాయి. దీనిని బట్టి పలు సందర్భాల్లో విద్యార్థులో, సిబ్బందో కారకులై ఉండవచ్చని ఆ సంస్థ భావించింది. ఒక దాడి గుట్టు విప్పితే, ఆన్‌లైన్‌ ఆటలో ప్రత్యర్థిని దెబ్బతీయడానికి ఒకరు చేసిన పనిగా తేలింది!

అమెరికాలోని రట్గర్స్‌ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌ 2014 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు వరకు పలుమార్లు కుప్పకూలింది. నిందితుడు అక్కడి విద్యార్థే. 2018లో న్యాయస్థానం అతనికి ఆరు నెలల గృహ నిర్బంధం విధించి, 86 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఇతడు దొరికిపోయాడు.

‘ఎవరికి నష్టం?’

చదువుకున్న యువకుడు ఇందుకు ఎలా సిద్ధపడతాడు? తప్పు చేసేవాడు ముందుగా తన మనస్సాక్షికి సర్దిచెప్పుకుంటాడని గ్రెషమ్‌ సైక్స్‌, డేవిడ్‌ మాట్జా 1957లోనే వివరించారు. ‘ఎవరి సొమ్మూ పోలేదు’, ‘లోపాన్ని చూపించాను, అంతే’ అనే మాటలు ఆ కోవలోవే. నేరమూ ఇతర విద్యల వలె సహవాసంతో అబ్బుతుందన్నది ఎడ్విన్‌ సదర్లాండ్‌ వాదన. హాస్టల్‌ గదిలో మిత్రుడు సరదాగా చూపిన మెళకువే మొదటి పాఠం కావచ్చు. చట్టం మాత్రం సరదాను గుర్తించదు. సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్‌ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

డబ్బు కోసం బయటి ముఠాలు చేసే దాడులకు ఈ వివరణ చాలదు. వారిది వ్యాపారం. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌ విశ్వవిద్యాలయ సిబ్బంది 2019 అక్టోబరులో ఒక నకిలీ ఈ-మెయిల్‌ తెరిచారు. ముఠా డిసెంబరు 23న, క్రిస్మస్‌ సెలవుల ముంగిట దెబ్బ తీసింది. పరీక్షలు ఆగరాదని యాజమాన్యం 30 బిట్‌కాయిన్లు, అంటే సుమారు 2 లక్షల యూరోలు చెల్లించింది. అందులో పోలీసులు స్వాధీనం చేసుకున్న కొద్ది భాగమే 2022 నాటికి 5 లక్షల యూరోల విలువకు చేరడం విశేషం. ఆ సొమ్మును పేద విద్యార్థులకు కేటాయిస్తామని విశ్వవిద్యాలయం ప్రకటించింది.

మాస్ట్రిక్ట్‌ జరిగినదంతా బయటపెట్టింది. పరువు పోతుందని దాచే సంస్థలకు మన దేశంలో ఇపుడు ఆ వీలు లేదు. ఇటువంటి దాడులను గుర్తించిన ఆరు గంటల్లోగా తెలపాలని కేంద్ర సంస్థ సెర్ట్‌-ఇన్‌ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. సైబర్‌ మోసానికి డబ్బు పోగొట్టుకున్న వ్యక్తులు 1930 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు.